పట్టాల మీద పనిమంతుడు

పట్టాల మీద ఎవరో పడేసి పోయిన స్లీపర్ దుంగను తీసి అవతల పారేద్దామని రైలు డ్రైవరు ఇంజను దిగి ముందుకు పరిగెత్తాడు. ఒక దుంగను పెకలించి రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఈలోగా అతను వదిలి వచ్చిన ఇంజను మెల్లగా వెనక నుంచి వచ్చి, ముందున్న ఇనుప చట్రం మీదికి అతన్ని దుంగతో సహా ఎత్తి కూర్చోబెట్టుకుంది. ఇప్పుడతను ఇంజను ముక్కు మీద ఉన్నాడు. ఒళ్లో దుంగ. ఎదురుగా పట్టా మీద ఇంకో దుంగ, ఒక కొస పక్కకు పొడుచుకొచ్చి ఉంది. దిగే వ్యవధి లేదు. ఒళ్లోని దుంగను తలపైకెత్తి, గురి చూసి, ఆ కొస మీద విసిరాడు. పిల్లలాడుకునే తూగుబల్లలాగా కింది దుంగ గాల్లోకి లేచి పక్కన పడింది. విసిరిన దుంగా దాని వెంటే పోయింది. దారి తెరిపయింది. ఇంజను ఆగలేదు.

ఇంజను నిజంది. మనిషి నిజమైనవాడు. ఆ విసురుకి ముందు గానీ వెనక గానీ కత్తెర పడలేదు. చూసేవాడికి ముందు నవ్వొస్తుంది. నవ్వు పెదాల మీద ఉండగానే గుండె ఝల్లుమంటుంది.

ఈ దృశ్యం 'ది జనరల్' సినిమాలోది. 1926లో బస్టర్ కీటన్ తీసిన మూకీ చిత్రం. దర్శకత్వంలో క్లైడ్ బ్రక్‌మన్ తోడున్నాడు గాని, తెరమీద కనిపించే ప్రతి చక్రం తిరుగుడులోనూ కీటన్ చెయ్యే కనబడుతుంది. సాహస చిత్రాల గురించి ఎవరు మాట్లాడినా కత్తులు, గుర్రాలు, తుపాకులు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఈ దుంగ గుర్తొస్తుంది. ఎందుకంటే ఈ సినిమా నాయకుడు యోధుడు కాడు. రైలు డ్రైవరు. అతని ధైర్యమంతా అతనికి వచ్చిన పనిలో ఉంది. తీసిన కీటన్ ధైర్యమూ అంతే. పాత సాహస చిత్రాలను మళ్లీ చూసే కొద్దీ కొన్నింటి రంగు వెలిసిపోతుంది. ఇది చూసిన ప్రతిసారీ ఇంకా గట్టిగా, ఇంకా పొందికగా కనిపించడానికి కారణం అదేననుకుంటాను.

కథకు మూలం నిజంగా జరిగిన సంగతి. అమెరికా అంతర్యుద్ధంలో, 1862 ఏప్రిల్ 12న, జేమ్స్ ఆండ్రూస్ అనే గూఢచారి ఉత్తరాది సైనికులు కొందరిని మామూలు బట్టల్లో వెంటబెట్టుకుని జార్జియాలోని బిగ్ శాంటీ స్టేషన్‌లో 'జనరల్' అనే ఇంజనును ఎత్తుకుపోయాడు. దారి పొడవునా వంతెనలు తగలబెట్టి, టెలిగ్రాఫ్ తీగలు తెంపి, శత్రువు సరఫరాలు ఆపాలని పథకం. ఆ రైలు కండక్టర్ విలియం ఫుల్లర్ మొదట కాళ్లతో పరిగెత్తాడు. తర్వాత ట్రాలీ మీద, తర్వాత దొరికిన ఇంజనల్లా ఎక్కి తరిమాడు. చివరి ఇంజను 'టెక్సస్'. తిప్పుకునే వీలు లేక దాన్ని వెనక్కే నడుపుతూ వెంటాడారు. వాన వల్ల వంతెనలు అంటుకోలేదు. కట్టెలూ నీళ్లూ అయిపోయి 'జనరల్' ఆగిపోయింది. ఆండ్రూస్‌నూ, అతని వెంట వచ్చినవాళ్లలో ఏడుగురినీ ఉరి తీశారు. ఆ దళంలో ఒకడైన విలియం పిటెంజర్ తర్వాత ఈ సాహసాన్ని పుస్తకంగా రాశాడు. కీటన్ చేతికి వచ్చింది ఆ పుస్తకమే.

కీటన్ చేసిన మొదటి మంచి పని, కథను ఎత్తుకుపోయినవాళ్ల వైపు నుంచి కాక, పోగొట్టుకున్నవాడి వైపు నుంచి చెప్పడం. ఇంజను పోగొట్టుకున్నవాడు జానీ గ్రే. మారియెటా ఊళ్లో అతనికి ప్రాణం రెండింటి మీద: ఒకటి తన ఇంజను, రెండోది అనబెల్ లీ అనే అమ్మాయి. యుద్ధం వస్తుంది. సైన్యంలో చేరదామని వరసలో అందరికంటే ముందు నిలబడతాడు. డ్రైవరుగానే ఎక్కువ ఉపయోగపడతాడని అధికారులు అతన్ని వద్దంటారు. కారణం మాత్రం చెప్పరు. పిరికివాడై చేరలేదనుకున్న అనబెల్, యూనిఫారం వేసుకుని వస్తే తప్ప తనతో మాట్లాడొద్దంటుంది.

ఆ మాట విన్నాక జానీ వచ్చి తన ఇంజను పక్కన కూర్చుంటాడు. ఎక్కడ? చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే పొడవాటి ఇనుప కడ్డీ మీద. తల వంచుకుని, లోకం పట్టకుండా. ఇంజను కదులుతుంది. కడ్డీ చక్రంతో పాటు పైకి లేస్తుంది, ముందుకు వంగుతుంది, కిందికి దిగుతుంది. దానితో పాటు అతనూ. ఒకసారి, రెండుసార్లు. షెడ్డులోకి వెళ్లబోతూ ఉండగా గానీ తను కదులుతున్నానని అతనికి తెలియదు. ఏడుపు లేదు, నిట్టూర్పు లేదు. ఇంతకంటే నిశ్శబ్దంగా, ఇంత తక్కువ ఖర్చుతో మనిషి దిగులును చూపించిన షాట్ నేను చూడలేదు. ఇందులో ప్రమాదం ఎంతుందో కీటన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు: ఆవిరి కాస్త ఎక్కువ వదిలితే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, కడ్డీ మీద మనిషి మిగలడు. ఆ రోజు ఇంజను నడిపినవాడి చెయ్యి కుదురుగా ఉండటం వల్లే మనకు ఆ దిగులు దక్కింది.

కీటన్‌కి యంత్రాలంటే భయభక్తులు రెండూ ఉండేవి. ఒంటిని అదుపులో పెట్టుకోవడం మాత్రం చిన్నప్పుడే నేర్చాడు. 1895లో కాన్సాస్ రాష్ట్రంలోని పిక్వాలో పుట్టాడు. తల్లిదండ్రులు రంగస్థలం మీద వినోద ప్రదర్శనలు ఇచ్చేవారు. పిల్లవాడు నడక నేర్చిన కొన్నాళ్లకే వేదికెక్కాడు. వాడి కోటు వీపుకు పెట్టె పిడి లాంటి పిడి కుట్టి, తండ్రి దాన్ని పట్టుకుని వాణ్ణి వేదిక మీద ఇటూ అటూ విసిరేవాడు. దెబ్బ తగలకుండా పడటం ఎలాగో అక్కడ ఒంటికి పట్టింది. పడి లేచాక తను నవ్వితే జనం నవ్వరనీ, మొహం కదలకపోతేనే జనం విరగబడి నవ్వుతారనీ అక్కడే తెలిసింది. రాతి మొహంవాడని పేరొచ్చిన ఆ మొహం పుట్టుకతో వచ్చింది కాదు, చిన్నప్పటి నుంచి సాధన చేసి నిలబెట్టుకున్నది. జాగ్రత్తగా చూస్తే అది రాయి కాదని తెలుస్తుంది. కళ్లు లెక్కలు కడుతూ ఉంటాయి. ఈ కట్టె ఎక్కడ పడుతుంది, పట్టాలు మళ్లించే ఆ పాయింటు ఎటు మారి ఉంది, ఆవిరి ఎంత మిగిలింది? పనిలో మునిగినవాడి మొహం అలాగే ఉంటుంది. మన ఊళ్లో వడ్రంగి ఉలి పట్టుకున్నప్పుడు, కుమ్మరి సారె తిప్పుతున్నప్పుడు చూసిన మొహమే అది.

ఇక ఫిరంగి దృశ్యం దగ్గర కాసేపు ఆగాలి. ఈ సినిమా పనితనమంతా ఇందులో కుదురుకుని ఉంది.

జానీ 'టెక్సస్' ఇంజను మీద శత్రువులను తరుముతూ, దాని వెనక ఒక బండి మీద పొట్టి మోర్టార్ ఫిరంగిని తగిలించుకుంటాడు. మొదట చిటికెడు మందు వేసి పేలుస్తాడు. గుండు నీరసంగా లేచి డ్రైవరు గదిలో, అతని పక్కనే పడుతుంది. దాన్ని బయటికి తోసేస్తాడు, అది పక్కన పేలుతుంది. రెండోసారి పీపా మందంతా పోస్తాడు. వత్తి వెలిగించి ఇంజను వైపు వస్తుంటే అతని కాలు తగిలి ఫిరంగి బండి కొక్కెం ఊడిపోతుంది. ఊడిన కొక్కెం స్లీపర్ల మీద ఈడ్చుకుంటూ ఎగిరెగిరి పడుతుంది. ఆ అదురుకి పైకి చూస్తున్న ఫిరంగి గొట్టం కొంచెం కొంచెంగా దిగి సూటిగా జానీని చూస్తుంది. పారిపోదామంటే కాలు గొలుసులో చిక్కుకుని ఉంది. ఎలాగో విడిపించుకుంటాడు. చేతికందిన కట్టె తీసి ఫిరంగిని కొడతాడు, ప్రమాదంలో ఉన్న మనిషి సరిగ్గా చేసే పిచ్చి పని అది. కట్టెల టెండరు మీదుగా ఎక్కి పోయి ఇంజను ముక్కు మీద నక్కుతాడు.

సరిగ్గా అప్పుడు పట్టాలు మలుపు తిరుగుతాయి. ఇంజను వంపులో పక్కకు జరుగుతుంది. ఫిరంగి మాత్రం తిన్నగా పేలుతుంది. గుండు ఇంజనును దాటుకుని పోయి, వంపుకు అవతల పరుగెడుతున్న శత్రువుల రైలు పక్కన పడుతుంది. వెనక పెద్ద సైన్యమే వస్తోందని వాళ్లు హడలిపోతారు. వచ్చేది ఒక్కడే డ్రైవరు.

ఇందులో అదృష్టం ఉంది. అయితే ఆ అదృష్టాన్ని కీటన్ ముందే పట్టాల మీద పరిచి ఉంచాడు. కొక్కెం ఊడటం, అదురు, గొట్టం దిగటం, వంపు: ఒక్కొక్కటి ముందరి దానికి ఫలితం, తర్వాతి దానికి కారణం. నడుమ ఒక్క లంకె తీసేసినా అంతా కూలిపోతుంది. పైగా వంపులో ముందు ఇంజను, ఆపైన శత్రువుల రైలు ఒకే చట్రంలో కనిపించేలా కెమెరా పెట్టాడు. గుండు ఎక్కణ్ణుంచి బయల్దేరి ఎక్కడ పడిందో మన కంటితో మనమే కొలుచుకోవచ్చు. ఛాయాగ్రాహకులు డెవరో జెన్నింగ్స్, బెర్ట్ హేన్స్ పక్క పట్టాల మీద ఇంకో బండి ఎక్కి, ఇంజనుతో సమానంగా పరుగెడుతూ తీసిన షాట్లు ఇందులో చాలా ఉన్నాయి. ఎక్కడా తడబాటు లేదు. మనిషి తల నుంచి కాలి వరకు కనిపిస్తాడు, అతని చుట్టూ ఉన్న చోటంతా కనిపిస్తుంది. కీటన్ తన ప్రేక్షకుడి దగ్గర ఏదీ దాచడు. సాహస దృశ్యంలో నమ్మకం పుట్టేది అక్కడే. ముక్కలుగా నరికి, దగ్గరగా చూపించి, చప్పుడుతో కలిపి కుట్టిన పోరాటంలో ఎవరు ఎక్కడున్నారో తెలియకుండా పోతే, నాకు నాయకుడి మీద బెంగ పుట్టదు. ఇక్కడ పుడుతుంది.

ఇంకో దృశ్యం చెప్పకుండా ఉండలేను. జానీ టెండరు మీద వంగి కట్టెలు కొడుతుంటాడు. అతని వెనక మైదానంలో దక్షిణాది సైన్యం వెనక్కి పారిపోతుంది. ఆ వెంటనే ఉత్తరాది సైన్యం ముందుకు వస్తుంది. వందల మంది, గుర్రాలు, జెండాలు. ఒక యుద్ధం గెలుపోటములు అతని వీపు వెనక తేలిపోతున్నాయి. అతను కట్టె మీద నుంచి తలెత్తడు. తలెత్తేసరికి శత్రువుల నేల మీద ఒంటరిగా ఉంటాడు. చరిత్ర అటు పోతుంటే పనివాడు తన గొడ్డలి పట్టుకుని ఇలాగే ఉంటాడు. ఆ మాటను కీటన్ ఎక్కడా టైటిల్ కార్డు వేసి చెప్పడు. మాట లేకుండా సినిమా నిండుగా నడుస్తుందని సింగీతం శ్రీనివాసరావు 1987లో 'పుష్పక విమానం'తో మన కళ్లముందు నిరూపించారు. ఆ సినిమాను ఇష్టపడినవారికి ఈ కట్టెలు కొట్టే షాట్ కొత్తగా అనిపించదు, చుట్టంలా కనిపిస్తుంది.

కథ నిర్మాణం కూడా రైలు దారి లాంటిదే: వెళ్లింది వెళ్లిన దారినే తిరిగి రావాలి. మొదటి సగంలో జానీ తరుముతాడు. శత్రు శిబిరంలో బల్ల కింద నక్కి, బల్లగుడ్డకు చుట్ట నిప్పుతో పడిన చిల్లులోంచి ఇంజనుతో పాటే వాళ్లకు చిక్కి బందీగా ఉన్న అనబెల్‌ను చూస్తాడు. ఆమెను విడిపించుకుని, తన 'జనరల్'ను మళ్లీ ఎక్కుతాడు. రెండో సగంలో అతను పరుగెడతాడు, వాళ్లు తరుముతారు. అదే దారి, అవే స్టేషన్లు, అవే ఎత్తుగడలు. పోతూ వాళ్లు పట్టాల మీద ఏం పడేశారో, వస్తూ ఇతనూ అలాంటివే పడేస్తాడు. పాయింట్లు మారుస్తాడు. తీగలు తెంపుతాడు. మొదటి సగంలో దెబ్బ తిని నేర్చుకున్న పాఠాలన్నీ రెండో సగంలో అతని పనిముట్లవుతాయి. చరిత్రలో ఈ తిరుగు ప్రయాణం లేదు, ఇది పూర్తిగా కీటన్ కల్పన. కథకు ఎత్తు వచ్చింది దానివల్లే.

ఈ తిరుగు దారిలో అనబెల్‌గా వేసిన మారియన్ మాక్ పనితనాన్ని ఎవరూ తగినంతగా మెచ్చుకోలేదని నా అభిప్రాయం. ప్రాణాల మీదికొచ్చిన వేళ ఆమె ఇంజను గది నేల ఊడుస్తుంది. చిల్లు ఉందని ఒక మంచి కట్టెను బయటికి విసిరేస్తుంది. చిన్న పుల్లను తెచ్చి పొయ్యిలో వేస్తుంది. జానీ కోపంతో ఆమె మెడ పట్టుకుని ఊపేస్తాడు, మరుక్షణం ముద్దు పెట్టుకుంటాడు. అదే అమ్మాయి పట్టాలకు అడ్డంగా రెండు చెట్ల మధ్య ఒక తాడు కడుతుంది. జానీ దాన్ని చూసి విసుక్కుంటాడు. తీరా తరుముకొచ్చిన ఇంజను ఆ తాడులోనే చిక్కుకుంటుంది. విసుక్కున్న పనికి కూడా విలువ దక్కించిన దర్శకుడు కీటన్.

షూటింగ్ ఒరెగాన్ రాష్ట్రంలోని కాటేజ్ గ్రోవ్ దగ్గర, 1926 వేసవిలో జరిగింది. అసలు 'జనరల్' ఇంజనును వాడుకోవాలని కీటన్ ఆశపడ్డాడు. తీసేది హాస్య చిత్రమని తెలిసి ఇంజను యజమానులు ఒప్పుకోలేదు. దాంతో పాతకాలపు ఇంజన్లూ పాతకాలపు పట్టాలూ ఇంకా మిగిలి ఉన్న ఒరెగాన్ అడవుల వైపు వెళ్లారు. అక్కడి నేషనల్ గార్డు సైనికులే రెండు సైన్యాలుగా నటించారు: ఒకసారి బూడిదరంగు యూనిఫారాల్లో, ఇంకోసారి నీలం రంగులో. ఇంజన్ల నిప్పురవ్వలకు అడవి అంటుకుంటే కీటనూ, ఆ సైనికులూ కలిసి ఆర్పారు. పొగ వదిలేదాకా పని ఆగింది.

అక్కడే తీశారు వంతెన కూలే షాట్. కాలుతున్న వంతెన మీదికి రైలు పోనివ్వమని ఉత్తరాది సేనాపతి ఆజ్ఞాపిస్తాడు. ఇంజను సగం దాటాక వంతెన విరిగి, ఇంజను నదిలోకి కూలుతుంది. బొమ్మ ఇంజనుతో తీసి మోసం చేయడం ఆ కాలంలో అందరికీ వచ్చిన విద్యే. కీటన్ నిజం వంతెన కట్టించి, నిజం ఇంజనును తోయించాడు. ఒకే ఒక్క టేకు, మళ్లీ తీసే వీలు లేదు. చూడటానికి చుట్టుపక్కల ఊళ్ల జనం వేలల్లో వచ్చారు. ఆ ఒక్క షాట్‌కు 42,000 డాలర్లు అయిందని చెబుతారు. ఇంత ఖరీదైన ఆ షాట్‌ను కీటన్ ఎంత పొదుపుగా వాడాడో చూడండి. ఇంజను పడిన వెంటనే కెమెరా ఆజ్ఞ ఇచ్చిన సేనాపతి మొహం మీదికి వెళుతుంది. నోట మాట లేదు. కత్తివేటుకు నెత్తురు చుక్క లేని మొహం అది. నదిలో పడిన ఆ ఇంజను ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇనుము కోసం దాన్ని తీసుకుపోయారు.

ఇంత మెచ్చుకున్నాక ఒక లోటు కూడా చెప్పాలి. కీటన్ తన నాయకుణ్ణి దక్షిణాది వైపు నిలబెట్టాడు. ఓడిపోయిన దక్షిణాదిని దుష్టులుగా చూపిస్తే ప్రేక్షకులు ఒప్పుకోరన్నది అతని వాదన. ఆ దక్షిణాది పోరాడింది బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి. సినిమాలో ఆ ఊసే లేదు. యుద్ధం ఎందుకు జరుగుతోందో అడగకుండా దాటేసిన కథ ఇది. జానీ కట్టెల మీద నుంచి తలెత్తకపోవడాన్ని నేను మెచ్చుకున్నాను. కీటన్ తలెత్తకపోవడాన్ని మాత్రం మెచ్చుకోలేను. పనితనానికి దండం పెడుతూనే ఆ మౌనాన్ని కూడా గుర్తుంచుకుని చూడాలి.

విడుదలైనప్పుడు విమర్శకులు పెదవి విరిచారు. ఖర్చుకు తగ్గ రాబడి రాలేదు. 1928లో కీటన్ ఎం.జి.ఎం. స్టూడియోకు వెళ్లాల్సి వచ్చింది, అక్కడ తన సినిమాల మీద పట్టు చేజారిపోయింది. తాగుడు, నష్టాలు, చిన్న చిన్న వేషాలు: ఆ ఏళ్లను తలుచుకుంటే బాధేస్తుంది. అయినా తన చిత్రాల్లో తనకు ఇష్టమైనది ఇదేనని అతను చివరిదాకా చెప్పాడు. లోకం ఆలస్యంగా ఒప్పుకుంది. 1972లో బ్రిటిష్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' విమర్శకులు ఎంచిన పది గొప్ప చిత్రాల్లో ఇది చేరింది. 1989లో అమెరికా జాతీయ చిత్రాల జాబితా కింద మొదటి విడతలో భద్రపరచడానికి ఎంచిన 25 చిత్రాల్లో ఒకటయింది. 1966లోనే కన్నుమూసిన కీటన్ ఈ రెండూ చూడలేదు. 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో ఇంటి గోడ మొత్తం మీద పడుతుంటే కిటికీ ఖాళీలో సరిగ్గా నిలబడి బతికిన అతని సాహసాన్ని జాకీ చాన్ 1987లో 'ప్రాజెక్ట్ ఎ' రెండో భాగంలో మళ్లీ చేసి గురువుకు నమస్కారం పెట్టాడు.

అసలు 'జనరల్' ఇంజను ఇప్పుడు జార్జియాలోని కెనెసా పట్టణపు మ్యూజియంలో ఉంది. ఒకప్పటి బిగ్ శాంటీ అదే. కీటన్ 'జనరల్' కోసం మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. గంటంబావు సినిమా. ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్లకు భాష అడ్డు రాదు. ఫిరంగి దృశ్యం వచ్చినప్పుడు ఫిరంగిని కాకుండా, దాని వెనక మెల్లగా మలుపు తిరుగుతున్న పట్టాలను చూడండి.